సున్నా దగ్గర ఆపిన కొలత

2022 జూన్. మృగశిర కార్తె వచ్చినా గోదావరిఖనిలో ఎండ దిగలేదు. నేను పనిచేసే దవాఖానలో ఫిజియోథెరపీ గది కింది అంతస్తులో, ఎక్స్‌రే గది పక్కనే ఉంటుంది. రెండు మంచాలు, భుజం తిప్పడానికి గోడకు బిగించిన చక్రం, మైనం కాచే పెట్టె, పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ నల్లబడే కిటికీ. అప్పటికి నాకు ఈ పనిలో పదకొండేళ్లు నిండాయి. నేను చేసిన ఒక తప్పు గురించి రాయబోతున్నాను కాబట్టి సర్వీసు కూడా చెప్పేశాను. కొత్తలో చేసిన తప్పయితే ఇంత సిగ్గుపడేదాన్ని కాదు.

మా బొగ్గు బాయిల పక్క నొప్పికి ఒక చిక్కుంది. బాయి అంటే ఇక్కడ గని. బాయిలో పనిచేసే మనిషిని మెడికల్ బోర్డు ‘అన్‌ఫిట్’ అని తేలిస్తే, ఆ ఉద్యోగం వాళ్ల పిల్లల్లో ఒకరికి వచ్చే వీలుంటుంది. దాన్నే డిపెండెంట్ ఉద్యోగం అంటారు. అందుకని ఇక్కడ ఎవరైనా నడుము నొప్పి అంటే అది నొప్పా, దరఖాస్తా అన్న అనుమానం ముందే పుడుతుంది. నిజంగా ఒళ్లు గుల్ల చేసుకున్నవాళ్లే ఎక్కువమంది. కొందరు మాత్రం ఉన్నదానికి కాస్త జోడిస్తారు. ఇలా జోడించడాన్ని, నటించడాన్ని మా భాషలో మాలింగరింగ్ అంటారు.

దాన్ని పట్టుకోవడంలో నేను ఆరితేరాను. మోకాళ్ల దాకా కూడా వంగలేనన్న మనిషి ఓపీ చీటీని నేనే నేలమీద పడేసి, చేతిలో పనున్నట్టు నటిస్తే, ఆయనే వంగి తీసిచ్చేవాడు. చెయ్యి పైకి లేవదన్నవాడు వెళ్లేటప్పుడు షర్టు ఎలా తొడుక్కుంటున్నాడో ఓరకంట చూసేదాన్ని. నన్ను సీఐడీ మేడం అనేవాళ్లు. ఆ పేరు వింటే కోపం వచ్చినట్టు ముఖం పెట్టేదాన్ని గానీ, లోపల మహా గొప్పగా ఉండేది.

మా పనిలో గోనియోమీటర్ అని ఒక కొలబద్ద ఉంటుంది. స్కూల్లో వాడే కోణమానినికి రెండు ప్లాస్టిక్ చేతులు తగిలించినట్టు ఉంటుంది. దాన్ని కీలు మీద పెట్టి ఎన్ని డిగ్రీలు కదులుతోందో చూస్తాం. ఫారంలో కీలు పేరు, మామూలు మనిషికి ఉండాల్సిన లెక్క, ఈ మనిషికి ఉన్న లెక్క పక్కపక్కనే ఉంటాయి. నటించేవాళ్లు ఎప్పుడూ తక్కువే చూపిస్తారు. అందుకే నా కన్ను ఎప్పుడూ తక్కువనే వెతికేది. లెక్కదాకా వచ్చిందంటే కొలబద్ద తీసేసి పక్క కీలుకు వెళ్లిపోయేదాన్ని.

ఆ జూన్‌లో స్వరూప వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. సెంటినరీ కాలనీ క్వార్టర్లలో తల్లిదండ్రులతో, భర్తతో ఉంటుంది. తండ్రి ఓదెలు నడుము దెబ్బతిని అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం ఈమెకు వచ్చింది. బాయి మీద, అంటే గని బయటి పనుల్లో, జనరల్ మజ్దూర్. బొగ్గు నిల్వచేసే బంకర్‌కు పోయే కన్వేయర్ బెల్టు కింద రాలిన బొగ్గును పారతో ఎత్తి మళ్లీ బెల్టు మీద పోయడం ఆమె పని. భర్త మోటార్ల వైండింగ్ చేస్తాడు. పనున్న నెల ఉంది, లేని నెల లేదు. ఇల్లు నడిచేది ఈమె జీతం మీదే.

నొప్పి ఎక్కడని అడిగాను.

“ఒక్క దగ్గర అని చెప్పరాదు మేడం. ఇయ్యాల భుజం, రేపు మోకాలు, ఎల్లుండి బొటనవేలు. పొద్దున లేసినకాడి నుంచి ఏదో ఒకటి గుంజుతనే ఉంటది. చిన్నప్పటి సంది గిట్లనే.”

తిరిగే నొప్పి అనగానే నాలోని సీఐడీ మేలుకుంది. రక్త పరీక్షలు చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. ఎక్స్‌రేలో ఏమీ లేదు. అన్‌ఫిట్ కోసం వచ్చావా అని మొహం మీదే అడిగాను.

“అన్‌ఫిట్ నాకెందుకు మేడం? డ్యూటీ చేస్త. పార పని ఒక్కటి మార్పియ్యుండ్రి, గంతే.”

లైట్ జాబ్ కోసం ఇదో కొత్త దారి అనుకున్నాను. కొలవడం మొదలుపెట్టాను. చెయ్యి చాపమంటే చాపింది. మోచెయ్యి నిటారుగా చాపితే మా లెక్కలో సున్నా. సున్నాకు వచ్చింది, సున్నా అని రాసి కొలబద్ద తీసేశాను. భుజం నూట ఎనభై. మోకాలు సున్నా. ముందుకు వంగమంటే వేళ్లే కాదు, రెండు అరచేతులూ నేలకు ఆనించింది. రోజంతా వంగలేనివాళ్లను చూసి చూసి ఉన్న నాకు నవ్వొచ్చింది. ఇంత సులువుగా వంగే మనిషికి నొప్పేమిటమ్మా అని పైకే అనేశాను. ఆమె చెప్పులు తొడుక్కుంది.

వెళ్లేముందు మా దగ్గర అచ్చువేసి ఉండే కాగితం ఒకటి ఇచ్చాను. పది స్ట్రెచింగ్ వ్యాయామాలు, అంటే కండరాలను, కీళ్లను బాగా సాగదీసేవి, రోజుకు రెండుసార్లు చెయ్యాలి. రిపోర్టులో కదలికలు పూర్తిగా ఉన్నాయని, చెప్పే బాధకూ పరీక్షకూ పొంతన లేదని రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం మీద ఆమెను మళ్లీ పార పనికే పంపారు.

సెప్టెంబర్‌లో, ముసురు పట్టిన రోజుల్లో, స్వరూప మళ్లీ వచ్చింది. కుడి చేతిని చున్నీతో మెడకు కట్టుకుని ఉంది. తడిసిన బొగ్గు బరువెక్కువ. పార ఎత్తుతుంటే భుజం కీలు జారిందట. పక్కవాళ్లు పరుగెత్తుకొచ్చేసరికి ఈమె గోడకు ఆనుకుని, ఎడమ చేత్తో పట్టుకుని, తనే దాన్ని లోపలికి తోసేసుకుంది. పన్నెండో ఏటనుంచీ అలా పెట్టుకోవడం అలవాటట. అదే ఆమె కొంప ముంచింది. నిజంగా జారిన భుజాన్ని ఎవరైనా తనంతట తాను పెట్టుకుంటారా, ఇదంతా నాటకం అని బెల్టు దగ్గర అందరూ తేల్చేశారు. దవాఖానకు వచ్చేసరికి ఎక్స్‌రేలో కీలు ఉండాల్సిన చోటే ఉంది.

నా మీద ఫిర్యాదు చేయడానికి వచ్చిందేమో అనుకుని నేను సంజాయిషీ వెతుక్కుంటున్నాను. ఆమె సంచిలోంచి నేనిచ్చిన కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగితే టేపు అతికించింది. వెనకవైపు పెన్సిల్‌తో తేదీలు, ప్రతి తేదీ పక్కన రెండు టిక్కులు.

“ఒక్కరోజు సుత తప్పలే మేడం. కానీ చేసినంక నొప్పులు ఎక్కువైతున్నయి. నేనేమన్న తప్పు చేస్తున్ననా? ఒక్కసారి చూడుండ్రి.”

ఎడమ చెయ్యి చాపి చూపించింది. ఈసారి నా చేతిలో కొలబద్ద లేదు కాబట్టి ఆమె మోచెయ్యినే చూస్తున్నాను. అది నిటారుగా వచ్చి ఆగలేదు. ఇంకా వెనక్కి పోయింది. తర్వాత లేచి నిలబడి కాలు చూపించింది. మోకాలు కూడా వెనక్కి వంగింది. సున్నా దగ్గర కొలబద్ద తీసేసినప్పుడు ఆ కీలు ఇంకా వెళుతూనే ఉందన్నమాట. నేను చూడలేదు.

మంచం మీద కూర్చోబెట్టి మొదటినుంచీ కొలిచాను. ఈసారి ఎక్కడ ఆగుతుందో అక్కడిదాకా కొలిచాను. మోచెయ్యి సున్నా దాటి పదిహేను డిగ్రీలు. మోకాలు పన్నెండు. బొటనవేలిని వెనక్కి వంచితే ముంజేతికి ఆనింది. చిటికెన వేలు నిలువుగా నిలబడింది. కీళ్లు ఎంత వదులో చూడటానికి తొమ్మిది మార్కుల పరీక్ష ఒకటుంది. జారిన భుజాన్ని కదపకుండా చూసినా ఆమెకు ఎనిమిది వచ్చాయి. కాలేజీలో రెండో ఏడు ఇదే ప్రశ్నకు జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్న మనిషిని నేను.

చదివేవాళ్లకు రెండు మాటల్లో చెబుతాను. మన ఎముకలను, కండరాలను, చర్మాన్ని పట్టి కలిపి ఉంచే పదార్థాన్ని కనెక్టివ్ టిష్యూ అంటారు. కొందరికి అది పుట్టుకతోనే బలహీనంగా ఉంటుంది. కీలును పట్టి ఉంచాల్సిన పట్టీలు వదులుగా ఉంటే, ఆ పనంతా కండరాలే చేయాలి. నిలబడినా, కూర్చున్నా, చెంబు ఎత్తినా అవి బిగుసుకునే ఉంటాయి. అందుకే నొప్పి ఒక చోట ఉండదు, ఒక రోజుతో పోదు. ఈ రకానికి రక్త పరీక్షలో ఏమీ కనబడదు, ఎక్స్‌రేలోనూ కనబడదు. చూసేవాళ్లకు ఆ మనిషి అందరికంటే చురుగ్గా వంగుతున్నట్టే ఉంటుంది. అలాంటి కీళ్లను ఇంకా సాగదీయమని నేను రోజుకు రెండుసార్లు చేయించాను. ఆ టిక్కులు చూస్తుంటే తల ఎత్తలేకపోయాను. ఆమెకు అదే చెప్పాను. ఆ కాగితం తప్పు, తప్పు చేసింది నువ్వు కాదు, అది ఇచ్చిన నేను అన్నాను.

ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి నొప్పులు ఉన్నాయా అని అడిగాను. చేతి కట్టు సర్దుకుంది.

“మా అమ్మకు ఉన్నయి. అందరు పనిదొంగ అంటరు మేడం. నేను సుత అన్న.”

హైదరాబాద్‌లో కీళ్ల వ్యాధుల డాక్టర్‌కు పంపాం. పుట్టుకతో వచ్చిన కనెక్టివ్ టిష్యూ జబ్బేనని, హైపర్‌మొబైల్ రకం, అంటే కీళ్లు హద్దు దాటి కదిలే రకమని ఆయన రాసిచ్చాడు. పూర్తిగా నయం చేసే మందు లేదు. కండరాల బలం పెంచుకోవాలి, బరువు పని మానాలి, నొప్పితో బతకడం నేర్చుకోవాలి.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. నా పాత రిపోర్టు ఆమెను అబద్ధాలకోరును చేసింది గానీ, ఉద్యోగం జోలికి పోలేదు. కొత్త రిపోర్టు ఆమె చెప్పింది నిజమంటుంది. కానీ నయం కాని జబ్బు అని కాగితం మీద పడితే, పై వాళ్లు అన్‌ఫిట్ అనేస్తే? ఆమెకు సర్వీసు నిండా నాలుగేళ్లు లేదు, ఆ ఉద్యోగం ఇంట్లో ఇంకొకరికి దక్కదు. ఇల్లంతా ఆ జీతం మీదే ఉంది. నేను నిజం రాస్తే ఆమె ఉద్యోగం పోవచ్చు.

ఆమె కేసును మళ్లీ చూసే రివ్యూకు రెండు రోజుల ముందు ఓదెలు నా గదికి వచ్చాడు. అరవై దాటిన మనిషి, నడుముకు బెల్టు, నడిస్తే ఒక పక్కకు ఒరుగుతాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“పెయ్యి నొప్పులు లేనోడు బాయిల ఎవ్వడు లేడు మేడం. నా నడుము ఇచ్చి తెచ్చిన నౌకరి అది. మీరు ఒక్క కాయితం రాస్తే పోతది. ఏమి లేదని ముందుగాల రాసిండ్రు కద, గట్లనే ఉండనియ్యుండ్రి.”

ఆయన మీద కోపం రాలేదు. నాకూ అదే భయం ఉంది. స్వరూపనే పిలిచి అడుగుదామన్నాను. ఆమె వచ్చి తండ్రి పక్కన నిలబడింది. రెండు దారులూ చెప్పి, ఏది రాయమంటావో నువ్వే చెప్పు అన్నాను.

“ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి మేడం,” అంది. “నౌకరి పోతే ఇంకో పని చూసుకుంట. నాటకం అంటుంటే మాత్రం ఇగ పడలేను.”

ఓదెలు బయటికి వెళ్లిపోయాడు.

మా పెద్ద డాక్టర్ మంచివాడే. కొత్త రిపోర్టు కొత్తగా రాస్తే చాలు, పాతది తప్పని చెప్పుకోవడం ఎందుకని సలహా ఇచ్చాడు. కానీ ఒకే ఫైలులో, ఒకే సంతకంతో రెండు కాగితాలు ఉంటాయి. ఏది నమ్మాలన్న ప్రశ్న వస్తే ముందుదే నెగ్గుతుందని పదకొండేళ్లలో నాకు బాగా తెలుసు. జూన్‌లో చేసిన కొలత తప్పు, సాధారణ లెక్క దగ్గర ఆపేశాను, ఆ తప్పు నాది అని మొదటి వాక్యంగా రాశాను. రాయడానికి ఒక్క నిమిషం పట్టింది. రాద్దామా వద్దా అని ఆలోచించడానికి ఒక పూట పట్టింది.

రివ్యూలో డాక్టర్లతో పాటు బాయి తరఫున ఒక ఇంజనీరు కూర్చున్నాడు. కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి, అప్పుడు కదలికలు పూర్తిగా ఉన్నాయన్నారు, ఇప్పుడు పూర్తికన్నా ఎక్కువ ఉన్నాయంటున్నారు, ఎక్కువుంటే మంచిదే కదా మేడం అన్నాడు. వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే అర్థం కాలేదు ఆయనకు. నేను కొలాజెన్ అన్నాను, లిగమెంట్ అన్నాను, ఆయన తల ఊపుతున్నాడు గానీ కళ్లు గడియారం మీద ఉన్నాయి. ఇంకో రెండు నిమిషాలైతే ఫిట్టో అన్‌ఫిట్టో ఒకటి చెప్పండి అంటాడని తెలిసిపోతోంది.

అంతదాకా గోడ పక్కన నిలబడ్డ స్వరూప మాట్లాడింది.

“సార్, మన బెల్టు లూజైతే ఏమైతది? మంచిగ తిరుగుతున్నట్టే కనవడతది. కానీ రోలర్ల మీద నిలువది, పక్కకు జారుతది. మోటరు ఊకె గుంజి గుంజి వేడెక్కుతది. నా పెయ్యి గట్లుంటది సార్. బెల్టు తెగలే, మోటరు కాలలే. లోడు తగ్గియ్యమంటున్న, గంతే.”

ఇంజనీరు ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు. రోజూ బెల్టుతో తంటాలు పడే మనిషి. మరి ఈ బెల్టు టెన్షన్ ఎలా బిగిస్తారు అని నన్ను అడిగాడు. కండరాలతో బిగిస్తాం, ఆరు నెలలు పడుతుంది, ఆ తర్వాత కూడా పార పట్టకూడదు, కూర్చుని చేసే పని బాగానే చేస్తుంది అని చెప్పాను. అరగంటలో తేలింది. ఆరు నెలలు, బాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంపు రూములో రిజిస్టరు పని, తర్వాత మళ్లీ చూడాలి. అన్‌ఫిట్ అన్న మాట ఎవరూ ఎత్తలేదు. బయటికి వచ్చాక స్వరూప వరండా బల్ల మీద కూర్చుని ఏడ్చింది. నేనూ పక్కన కూర్చున్నాను. నాకూ ఏడుపొచ్చింది.

నొప్పి పోలేదు, అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. వారానికి రెండుసార్లు వచ్చేది. సాగదీసేవి అన్నీ మాన్పించి, కీలు హద్దు దాటకుండా చిన్న చిన్న బరువులతో బలం పెంచాం. కొన్నాళ్లు బాగుండేది. ఒక ముసురు పట్టిందంటే మళ్లీ మొదటికి వచ్చేది. నొప్పి ఎంత ఉందని అడగడం మానేసి, ఈ వారం ఏం చేయగలిగావని అడగడం మొదలుపెట్టాను. జడ తనే వేసుకున్నానని చెప్పిన రోజు మేమిద్దరం చాయ్ తెప్పించుకున్నాం. ఆరు నెలల తర్వాత లైట్ జాబ్ పొడిగించారు. ఇప్పటికీ అక్కడే చేస్తోంది.

ఆ పొడిగింపు వచ్చిన వారంలోనే ఓదెలు మళ్లీ వచ్చాడు. ఈసారి వెంట భార్య రాజవ్వ ఉంది. సన్నటి మనిషి, మెట్టు మెట్టుకూ గోడ పట్టుకుని దిగింది. ఆయన చీటీ నా బల్ల మీద పెట్టి, ఈమెను సుత చూడుండ్రి మేడం అని తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

వయసుతో కీళ్లు బిగుసుకుంటాయి కాబట్టి ఆమెకు మార్కులు అంతగా రాలేదు. కానీ బొటనవేళ్లు ఇంకా వెనక్కి పోతున్నాయి. పాత గాయాల మచ్చలు ఉల్లిపొరలా పలచగా ఉన్నాయి. ఒక భుజం ఎన్నిసార్లు జారిందో ఆమెకే లెక్క లేదు. నాట్ల కాలంలో ఒడ్డు మీద కూర్చుండిపోతే ఊరు ఊరంతా ఏమన్నదో చెప్పింది. నీ బిడ్డకు ఉన్న జబ్బే నీకూ ఉండవచ్చవ్వా, నీ నుంచే ఆమెకు వచ్చి ఉంటుంది, నొప్పి నిజమే అన్నాను.

రాజవ్వ నా ముఖంలోకి చూసింది. “నిజమేనా బిడ్డా? అత్త అన్నది, ఆడిబిడ్డలు అన్నరు, ఈయన అన్నడు. అందరు అనంగ అనంగ నేను సుత గదే అనుకున్న. నాకే పని మీద మనసు లేదేమో అనుకున్న.”

ఏం మందు రాయమంటావని అడిగాను. మందు వద్దంది. నేను చెప్పింది కాగితం మీద రాసి ఇవ్వమంది. ఉద్యోగం లేదు, బోర్డు లేదు, ఆ కాగితం ఎవరికీ పంపే పని లేదు. అయినా రాశాను, తెలుగులోనే రాశాను. తలుపు దగ్గరి నుంచి ఓదెలు గొంతు సవరించుకుని, ఏ పనులు చెయ్యొద్దో అవి కూడా రాయమన్నాడు. బిందెలు మోయకూడదు, పిండి రుబ్బకూడదు, దుప్పట్లు పిండకూడదు అని రాసి సంతకం పెట్టి, ఆమె అడిగిందని దవాఖాన ముద్ర కూడా వేశాను.

ఇక్కడ మేం నొప్పిని అనుమానించేది దాంతో ఏదో వస్తుందని. ఏమీ రాని నొప్పులు ఇళ్లలో ఎన్ని ఉన్నాయో నాకు అంతదాకా తట్టనే లేదు. ఇప్పుడు ఎవరు వచ్చినా కీలు ఆగేదాకా కొలుస్తాను. నొప్పి ఉందా లేదా తేల్చడానికి కాదు, ఎక్కడుందో వెతకడానికి. నటించేవాళ్లు ఇప్పటికీ వస్తారు. ఒకరిద్దరి చేతిలో మోసపోతే పోయాననుకుంటాను.

ఆ రోజు వాళ్లు వెళ్లాక ఓపీ చీటీలు తెచ్చుకోవడానికి వరండాలోకి వచ్చాను. ఎక్స్‌రే గది ముందు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. రాజవ్వకు చదువు రాదు. ఓదెలు కాగితాన్ని దూరంగా పట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. ‘రాజవ్వకు చిన్నప్పటినుంచీ ఉన్న నొప్పులు నిజమైనవి’ అన్న మొదటి వాక్యం దగ్గర ఆగాడు. కాగితం దించి కింద పెట్టబోయాడు. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది.

“ఇంకొక్కసారి సదువు,” అంది.